నేలకూ కారుకూ మధ్య మూడు సెంటీమీటర్లు

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పేరు చెప్పగానే చాలామందికి ఫార్ములా వన్ గుర్తొస్తుంది. 2011 అక్టోబరు 30న అక్కడ తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగింది. 2011, 2012, 2013 సంవత్సరాల్లో జరిగిన మూడు పోటీల్లోనూ సెబాస్టియన్ వెటెలే విజేత. ఆ తరువాత ఫార్ములా వన్ అక్కడికి తిరిగి రాలేదు కానీ, మరో రకం రేసు కార్లు వచ్చాయి. వాటికి పేరున్న కంపెనీ ఏదీ లేదు. ఇంజనీరింగ్ విద్యార్థులు గొట్టాలు కోసి, వెల్డింగ్ చేసి, మోటారు సైకిల్ ఇంజిన్ బిగించి, సొంతంగా కట్టుకున్న ఒంటి సీటు కార్లవి. ఎస్‌ఏఈ ఇండియా నిర్వహించే ‘సుప్రా’ పోటీ కోసం దేశం నలుమూలల నుంచి జట్లు ఈ సర్క్యూట్‌కు వచ్చాయి. ఐఐటీ ఢిల్లీ, ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ వంటి రాజధాని ప్రాంత విద్యాసంస్థల్లోనూ ఇలాంటి కార్లు కట్టే విద్యార్థి బృందాలున్నాయి.

కారు కట్టడం పూర్తయి, ఇంజిన్ మొదటిసారి గర్జించగానే అందరికీ దాన్ని నడిపి చూడాలనే ఉంటుంది. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చూడటానికి అందులో ఉత్సాహపడేదేమీ ఉండదు. కారును చదునైన నేల మీద నిలబెట్టి, నాలుగు మూలలా అది నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలవాలి. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో తూచాలి. ఆ తరువాత సస్పెన్షన్‌ను మిల్లీమీటర్ల లెక్కన సరిచేయాలి. ఈ పని సరిగా జరగకపోతే ఎంత శక్తిమంతమైన ఇంజిన్ ఉన్నా కారు కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో మరోలా ప్రవర్తిస్తుంది. బ్రేకు వేయగానే ముక్కు నేలకు రాసుకుంటుంది.

కారు ఎత్తు అనేది కొలబద్దతో కొలిచే ఒక అంకెలా కనిపిస్తుంది. నిజానికి కారు బరువును నాలుగు టైర్లు ఎలా పంచుకుంటున్నాయనే పెద్ద లెక్కలో పైకి కనిపించే భాగం అది.

విడిభాగాల కారు, చట్టపు గీత

విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకునే కారును కిట్ కారు అంటారు. బ్రిటన్‌లో ఇది పెద్ద సంప్రదాయం. లోటస్ సంస్థ వ్యవస్థాపకుడు కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన ‘లోటస్ సెవెన్’ అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పూర్తిగా తయారైన కారు కొంటే కట్టాల్సిన పన్ను, విడిభాగాలుగా కొంటే తప్పేది. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ సంస్థకు వెళ్లాయి. దాని వారసులు ఇప్పటికీ తయారవుతున్నాయి.

మన దేశంలో పరిస్థితి వేరు. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ఏ నమూనా వాహనమైనా రోడ్డెక్కాలంటే గుర్తింపు పొందిన సంస్థ దాన్ని పరీక్షించి ధ్రువీకరించాలి. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న ఐక్యాట్ అలాంటి సంస్థల్లో ఒకటి. ఇంట్లో కట్టుకున్న ఒక్క కారు కోసం ఈ దారి దాటడం దాదాపు అసాధ్యం. అమ్మకంలో ఉన్న వాహనాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చుకోవడానికీ వీల్లేదు. తయారీ సంస్థ నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అందుకే సొంతంగా కారు కట్టి, దాని సస్పెన్షన్‌ను మొదటి నుంచి సరిచేసే అనుభవం మన దగ్గర ఎక్కువగా ఇలాంటి విద్యార్థి పోటీల్లోనే దొరుకుతుంది. అమెరికాలో 1981లో ఫార్ములా ఎస్‌ఏఈ పేరుతో మొదలైన ఈ తరహా పోటీలు ఇప్పుడు అనేక దేశాల్లో జరుగుతున్నాయి.

ఎంత కిందికుంటే అంత మంచిదా?

రేసు కారు నేలకు ఆనుకున్నట్టు ఎందుకుంటుంది? దీనికి జవాబు గరిమనాభిలో ఉంది. బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్లు పక్కకు ఒరిగిపోవడం తెలిసిందే. కారు విషయంలోనూ అదే జరుగుతుంది. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందనేది మూడింటి మీద ఆధారపడుతుంది: మలుపు ఎంత తీవ్రంగా ఉంది, గరిమనాభి ఎంత ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం ఎంత.

ఒక ఉదాహరణ తీసుకుందాం. డ్రైవరుతో కలిపి 280 కిలోలున్న విద్యార్థి కారు. గరిమనాభి ఎత్తు 300 మిల్లీమీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1200 మిల్లీమీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణానికి 1.2 రెట్ల తీవ్రతతో మలుపు తిరిగితే మొత్తం బరువులో 30 శాతం, అంటే 84 కిలోలు, లోపలి వైపు నుంచి బయటి వైపుకు మారుతుంది.

మొత్తం బరువు మారలేదు కదా, పక్కకు మారితే నష్టమేమిటి అనిపించవచ్చు. నష్టం టైరు స్వభావంలో ఉంది. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, కానీ అదే నిష్పత్తిలో పెరగదు. లెక్క కోసం ఇలా ఊహించండి. 70 కిలోల బరువున్నప్పుడు టైరు పట్టు ఆ బరువుకు 1.5 రెట్లు. 100 కిలోలప్పుడు 1.4 రెట్లు. 40 కిలోలప్పుడు 1.55 రెట్లు. రెండు టైర్ల మీద సమానంగా 70 కిలోల చొప్పున ఉంటే మొత్తం పట్టు 210. అదే బరువు 100, 40గా విడిపోతే పట్టు 140, 62 కలిపి 202 మాత్రమే. బరువు ఎంత సమానంగా పంచితే మొత్తం పట్టు అంత ఎక్కువ. కాబట్టి గరిమనాభి కిందికి దిగడం మేలే.

అయితే ఆ మేలు ఎంతో కూడా చూడాలి. పై కారును 20 మిల్లీమీటర్లు దించితే, మారే బరువు 84 కిలోల నుంచి సుమారు 78.4 కిలోలకు తగ్గుతుంది. లాభం అయిదున్నర కిలోలు. పోటీల్లో అది తీసిపారేయదగ్గది కాదు. కానీ దానికోసం చెల్లించే మూల్యం అంతకంటే ఎక్కువ కాకూడదు.

గరిమనాభి ఎత్తుకు పై హద్దును నిబంధనలే పెడతాయి. ఈ పోటీల్లో ‘టిల్ట్ టెస్ట్’ అనే పరీక్ష ఉంటుంది. జట్టులో అందరికంటే పొడవైన డ్రైవరును కూర్చోబెట్టి, కారును ఒక పలక మీద 60 డిగ్రీల వరకు పక్కకు వంచుతారు. కారు బోల్తా పడకూడదు. 60 డిగ్రీల టాంజెంట్ విలువ సుమారు 1.73. అంటే గురుత్వానికి 1.7 రెట్ల పక్కబలాన్ని తట్టుకుంటుందో లేదో, కారును కదలనివ్వకుండానే తేల్చే పరీక్ష ఇది. చక్రాల మధ్య 1200 మిల్లీమీటర్లున్న మన కారు నెగ్గాలంటే గరిమనాభి సుమారు 346 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు.

ముప్పైలోంచి ఇరవై ఆరు పోతే

ఎత్తుకు కింది హద్దు కూడా ఉంది. ఉదాహరణకు ఫార్ములా స్టూడెంట్ జర్మనీ నిబంధనల ప్రకారం, డ్రైవరు కూర్చున్నాక టైర్లు తప్ప కారులోని ఏ భాగమైనా నేలకు కనీసం 30 మిల్లీమీటర్ల పైన ఉండాలి. చక్రం మొత్తం 50 మిల్లీమీటర్లు పైకీ కిందికీ కదలగలగాలి. అందులో పైకి కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి. చక్రం పూర్తిగా 25 మిల్లీమీటర్లు పైకి వెళ్లిందంటే, కారు నేలకు అంత దగ్గరైనట్లే. ముప్పైలో ఇక మిగిలేది అయిదు.

బ్రేకు వేసినప్పుడు ఇది ఇంకా బిగుసుకుంటుంది. మన కారు ముందు వెనుక చక్రాల మధ్య దూరం 1550 మిల్లీమీటర్లు అనుకుందాం. 1.2 రెట్ల తీవ్రతతో బ్రేకు వేస్తే వెనుక నుంచి ముందుకు 65 కిలోల బరువు మారుతుంది. ఒక్కో ముందు చక్రానికి 32.5 కిలోలు అదనం. చక్రం దగ్గర కొలిచిన స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లయితే, ముందు భాగం సుమారు 16 మిల్లీమీటర్లు దిగుతుంది. వెనుక భాగం అంతే లేస్తుంది. కారు ముక్కు ముందు చక్రాలకన్నా అర మీటరు ముందుకుంటే, ఆ వంపు వల్ల అది మరో 10 మిల్లీమీటర్లు దిగుతుంది. మొత్తం 26. ముక్కు కింద మిగిలింది నాలుగు మిల్లీమీటర్లు. ట్రాక్ మీద చిన్న ఉబ్బు ఉన్నా చాలు, నేల తగులుతుంది.

ఫార్ములా వన్‌లో ఈ ప్రమాదానికి పలక రూపంలో కొలమానం పెట్టారు. 1994 నుంచి కార్ల అడుగున 10 మిల్లీమీటర్ల మందం గల పలక ఉండాలి. పోటీలో అది ఒక మిల్లీమీటరుకు మించి అరిగితే కారు అనుమతించిన దానికన్నా కిందికి నడిచినట్లే లెక్క. 2023 అమెరికా గ్రాండ్ ప్రీలో లూయిస్ హామిల్టన్, షార్ల్ లెక్లెర్ ఇద్దరూ ఈ కారణంగానే అనర్హులయ్యారు. వందల మంది ఇంజనీర్లున్న జట్లకే ఒక మిల్లీమీటరు లెక్క తప్పగలదు.

స్ప్రింగు బిగిస్తే గట్టిపడుతుందా?

బైకు వెనుక షాక్ అబ్జార్బరు కింద మెట్లు మెట్లుగా ఉండే రింగును చాలామంది చూసే ఉంటారు. ఇద్దరు ఎక్కాల్సి వస్తే మెకానిక్ దాన్ని ఒక మెట్టు తిప్పి ‘షాక్ టైట్ చేశాను’ అంటాడు. ఈ కార్లలోనూ అలాంటి ఏర్పాటే ఉంటుంది. షాక్ అబ్జార్బరు ఒంటి మీద మరలుంటాయి. వాటి మీద తిరిగే రింగు స్ప్రింగుకు ఆధారం. రింగును పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని సాధారణంగా అనుకుంటారు.

కానీ స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్య, లోహ గుణాల మీద ఆధారపడుతుంది. రింగు తిప్పితే ఇవేవీ మారవు. నాలుగు రింగులనూ సమానంగా తిప్పినా ప్రతి స్ప్రింగు మోసే బరువు మునుపటిదే. కాబట్టి అది మునుపటి అంతే నొక్కుకుంటుంది. కారు మాత్రం పైకి లేస్తుంది. రింగు తిప్పడం వల్ల మారేది ఎత్తు.

గట్టిదనానికీ ఎత్తుకూ సంబంధం మరో చోట ఉంది. స్ప్రింగు మీద బరువు పెట్టినప్పుడు అది ఎంత దిగుతుందో చెబితే, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేయవచ్చు. పావు మీటరు, అంటే 250 మిల్లీమీటర్లు దిగే స్ప్రింగు సెకనుకు సుమారు ఒకసారి ఊగుతుంది. మెత్తగా సాగిపోయే పెద్ద కార్లు దాదాపు ఇలా ఉంటాయి. 62 మిల్లీమీటర్లు దిగితే సెకనుకు రెండుసార్లు. 28 మిల్లీమీటర్లయితే మూడుసార్లు. మన ఉదాహరణ కారులో ఒక్కో మూల చక్రం, బ్రేకుల బరువు పోను 60 కిలోలుంటే, స్ప్రింగు 29 మిల్లీమీటర్లు దిగి, సెకనుకు మూడుసార్లకు కాస్త తక్కువగా ఊగుతుంది. నేలకు దగ్గరగా ఉండాలనుకునే కారు గట్టి స్ప్రింగులు వాడక తప్పదు. లేదంటే ప్రతి గతుకుకూ అడుగు తగులుతుంది. గట్టి స్ప్రింగులు వాడితే గతుకు మీద టైరు నేలను వదిలి ఎగరవచ్చు. ఈ రెండింటి మధ్య దారి వెతకడమే సస్పెన్షన్ పని.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. స్ప్రింగు మీద ముద్రించిన గట్టిదనం చక్రం దగ్గర దొరకదు. చక్రం ఒక మిల్లీమీటరు లేచినప్పుడు మీట అమరిక వల్ల స్ప్రింగు 0.7 మిల్లీమీటరే నొక్కుకుంటే, కదలికలోనూ బలంలోనూ 0.7 వంతే అందుతుంది. రెండూ గుణిస్తే 0.49. అంటే చక్రం దగ్గర 20 న్యూటన్ల గట్టిదనం కావాలంటే మిల్లీమీటరుకు 41 న్యూటన్ల స్ప్రింగు వేయాలి. ఈ వర్గం లెక్క మరచిపోతే కారు అనుకున్నదానికి సగం గట్టిగానే ఉంటుంది.

దించినప్పుడు మారిపోయే కోణాలు

కారును దించితే గరిమనాభి ఒక్కటే కిందికి రాదు. చక్రాన్ని పట్టుకునే చేతుల వాలు మారుతుంది. మలుపులో కారు ఒళ్లు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు. ఆ చేతుల వాలును బట్టే అది ఎక్కడుండేదీ తేలుతుంది. చాలా అమరికల్లో కారును 20 మిల్లీమీటర్లు దించితే గరిమనాభి 20 మిల్లీమీటర్లు దిగితే, రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, కిందికి దించిన కారు మునుపటికంటే ఎక్కువగా ఒరుగుతుంది. చూడటానికి రేసు కారులా ఉన్నా నడకలో పడవలా ఉండే కార్ల రహస్యం చాలాసార్లు ఇదే.

ఒరగడం వల్ల టైరు కూడా వాలుతుంది. మన కారులో రోల్ సెంటర్ నేల మట్టంలో ఉండి, ఒరుగుదలను ఆపే యాంటీ రోల్ బార్ లేకపోతే, 1.2 రెట్ల మలుపులో ఒళ్లు దాదాపు రెండు డిగ్రీలు ఒరుగుతుంది. దానితోపాటు బయటి టైరు వాలితే నేలను తాకే భాగం ఒక అంచుకు పరిమితమవుతుంది. అందుకే కారు నిలబడి ఉన్నప్పుడే టైర్ల పై అంచులను కొద్దిగా లోపలికి వంచి పెడతారు. స్టీరింగ్ కడ్డీ వాలు సస్పెన్షన్ చేతుల వాలుతో కుదరకపోతే, గతుకు ఎక్కిన ప్రతిసారీ డ్రైవరు తిప్పకుండానే చక్రం తనంతట తాను తిరుగుతుంది. కాబట్టి ఎత్తు మార్చిన ప్రతిసారీ ఈ కోణాలన్నీ మళ్లీ కొలవాల్సిందే.

మంచం కోళ్ల లెక్క

మూడు కాళ్ల పీట ఎంత మిట్టపల్లాల నేల మీదైనా కదలకుండా కూర్చుంటుంది. నాలుగు కోళ్ల మంచం అలా కాదు. ఒక కోడు కాస్త పొట్టిదైతే మంచం ఎదురెదురు మూలల మీద నిలిచి టకటకలాడుతుంది. నాలుగు చక్రాల కారు కూడా ఈ మంచం లాంటిదే. స్ప్రింగులు ఉండటం వల్ల టకటక వినపడదు. తేడా మాత్రం బరువు రూపంలో దాక్కుంటుంది.

280 కిలోల మన కారును నాలుగు కాటాల మీద నిలబెట్టామనుకుందాం. ముందు ఎడమ 68, ముందు కుడి 62, వెనుక ఎడమ 72, వెనుక కుడి 78 కిలోలు చూపించాయి. ఎడమ వైపు మొత్తం 140. కుడి వైపు మొత్తం 140. ముందు 130, వెనుక 150. పైపైన అంతా బాగానే ఉంది. ఇప్పుడు ఎదురు మూలలు కలిపి చూడండి. ముందు ఎడమ, వెనుక కుడి కలిపితే 146. ముందు కుడి, వెనుక ఎడమ కలిపితే 134. పన్నెండు కిలోల తేడా! ఈ కారు ఒకవైపు మలుపులో ముక్కు తిరగనని మొరాయిస్తుంది. మరోవైపు మలుపులో తోక జారుతుంది.

ఇందులో గమనించాల్సిన భౌతికశాస్త్రం ఉంది. ముందు వెనుకల మొత్తాలనూ ఎడమ కుడి మొత్తాలనూ నిర్ణయించేది గరిమనాభి స్థానం. బ్యాటరీనో సీటునో జరిపితే తప్ప అవి మారవు. రింగులు తిప్పి మార్చగలిగేది ఎదురు మూలల వాటాను మాత్రమే. ఒక మూల రింగును ఎత్తితే ఆ చక్రం మీదా, దానికి ఎదురు మూల చక్రం మీదా బరువు పెరుగుతుంది. మిగిలిన రెండింటి మీద తగ్గుతుంది. ఒక మూల ముట్టుకుంటే నాలుగు కాటాలూ కదులుతాయి.

మన కారుకు కావాల్సింది ముందు 65, 65, వెనుక 75, 75. అంటే ప్రతి చక్రం దగ్గరా మూడు కిలోల మార్పు. ఒక్క మూలనే సరిచేయాలని చూస్తే చక్రం దగ్గర దాదాపు 6 మిల్లీమీటర్లు మార్చాలి. దాంతో కారు ఒక మూలకు వాలిపోతుంది. అలా కాకుండా నాలుగు మూలలకూ పంచితే ఒక్కో చోట 1.5 మిల్లీమీటర్లు చాలు. స్ప్రింగు దగ్గర అది ఒక మిల్లీమీటరే. ముందు ఎడమ, వెనుక కుడి రింగులు కిందికి. ముందు కుడి, వెనుక ఎడమ రింగులు పైకి. ఎత్తు దాదాపు చెదరదు, బరువు కుదురుతుంది.

ఈ తప్పును బయటపెట్టడానికే పెట్టారా అనిపించే పరీక్ష ఒకటి పోటీలో ఉంది. దాని పేరు స్కిడ్‌ప్యాడ్. 15.25 మీటర్ల లోపలి వ్యాసం గల రెండు వృత్తాలను ఎనిమిది అంకె ఆకారంలో పక్కపక్కన గీస్తారు. ఒకదాన్ని కుడివైపుగా, మరొకదాన్ని ఎడమవైపుగా చుట్టాలి. మూడు మీటర్ల వెడల్పు దారి మధ్యలో, 9.1 మీటర్ల వ్యాసార్ధంతో, ఒక చుట్టు 5.5 సెకన్లలో పూర్తి చేస్తే పక్కబలం గురుత్వానికి 1.2 రెట్లు. కుడి, ఎడమ సమయాల సగటు లెక్కలోకి వస్తుంది. ఒక వైపు మాత్రమే బాగా తిరిగే కారుకు ఇక్కడ దాక్కునే చోటు లేదు.

ముందు నేల, తరువాతే పానా

ఈ పనిలో వరుస ముఖ్యం. మొదట నేలను సరిచూడాలి. ఒక చక్రం కింద నేల 4 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే, మన కారులో ఎదురు మూలల మధ్య 8 కిలోల దొంగ తేడా కనిపిస్తుంది. దాన్ని నమ్మి రింగులు తిప్పితే, సరిగ్గా ఉన్న కారును చేజేతులా పాడుచేసినట్లే. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసే పారదర్శక నీటి గొట్టం చాలు. గొట్టం రెండు చివర్లలో నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. తక్కువగా ఉన్న కాటా కింద పలుచని రేకు ముక్కలు పెట్టి సరిచేయవచ్చు.

తరువాత టైర్లలో గాలి. టైరు కూడా ఒక స్ప్రింగే కాబట్టి, ఒక టైరులో గాలి తగ్గితే ఆ మూల ఎత్తూ బరువూ రెండూ మారతాయి. ఆ తరువాత డ్రైవరు. డ్రైవరే కూర్చోవచ్చు, లేదా అంతే బరువుకు ఇసుక బస్తాలు పెట్టవచ్చు. 280 కిలోల కారులో 65 కిలోల మనిషి దాదాపు పావు వంతు. మనిషి లేకుండా చేసిన కొలతకు అర్థం లేదు. ఇంధనం పోటీలో ఉండేటంత పోయాలి. యాంటీ రోల్ బార్ కొక్కేలు విప్పాలి. అది బిగిసి ఉంటే ఎడమ కుడి చక్రాలను మెలిపెట్టి కొలతను తప్పుదారి పట్టిస్తుంది.

జాకీ మీంచి దించిన కారు వెంటనే తన అసలు ఎత్తుకు రాదు. చక్రాలు పక్కకు జరగలేక బిగుసుకుంటాయి. కారును కొద్దిగా ముందుకూ వెనక్కూ దొర్లించి, నాలుగు మూలలా నొక్కి వదిలాకే కొలవాలి. ముందుగా ఎత్తు, తరువాత చక్రాల కోణాలు, తరువాత బరువులు. బరువులు సరిచేశాక ఎత్తు, కోణాలు మళ్లీ చూడాలి. రెండు మూడు చుట్లు తిరిగితే అన్నీ ఒకచోట కుదురుతాయి. యాంటీ రోల్ బార్‌ను చివర్లో, ఏ మెలికా పడకుండా బిగిస్తారు.

ఇవన్నీ కుదిరాకే షాక్ అబ్జార్బర్ల వంతు. స్ప్రింగు బరువు మోస్తుంది. షాక్ అబ్జార్బరు ఊపును వేడిగా మార్చి ఆర్పుతుంది. కారు నిలబడి ఉన్నప్పుడు అది ఎత్తు మీద పెద్దగా ప్రభావం చూపదు. కానీ మలుపులోకి దూరే క్షణంలో, బరువు ఎంత త్వరగా మారాలో అదే నిర్ణయిస్తుంది. ట్రాక్ మీద ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మారిస్తే, సమయం తగ్గినా పెరిగినా దేని వల్లో తెలియదు. ప్రయోగశాలలో పాటించే నియమమే ఇక్కడా పనికొస్తుంది.

అదే లెక్క మన వీధిలో

విద్యార్థి కార్లు సర్క్యూట్ దాటి బయటకు రావు. కానీ ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ వీధుల్లో రోజూ తిరిగే కార్లకూ ఇదే భౌతికశాస్త్రం వర్తిస్తుంది. దాన్ని గుర్తుచేసేది స్పీడ్ బ్రేకరు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సిఫారసు చేసిన ప్రామాణిక స్పీడ్ బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోని చిన్న ముక్క. వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఉద్దేశించినది. 10 సెంటీమీటర్లంటే ఎక్కువే అనిపిస్తుంది. కానీ చక్రాల మధ్య 2.25 మీటర్లున్న చిన్న కారు దాని మీద నిలిచినప్పుడు, ముందు వెనుక చక్రాలు రెండూ ఆ వంపు మీదే ఉంటాయి. రెండు చక్రాల నడుమ పొడుచుకొచ్చేది 37 మిల్లీమీటర్లే. ఆ వెడల్పును లెక్కచేయకుండా అడ్డంగా పోసిన సన్నని సిమెంటు గట్టును తీసుకోండి. దాని ఎత్తు అదే 10 సెంటీమీటర్లయినా మొత్తం కారు అడుగుకు గురిపెడుతుంది. కారు అడుగు గీసుకుపోవడానికి కారణం చాలాసార్లు ఎత్తు కన్నా ఆకారమే.

అందం కోసం స్ప్రింగు చుట్టను కోయించి కారును దించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, ఎందుకంటే గట్టిదనం చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. కానీ కదలడానికి మిగిలే చోటు అంతకంటే ఎక్కువగా తగ్గవచ్చు. అప్పుడు గతుకు పడగానే సస్పెన్షన్ చివరి రబ్బరు దిమ్మెకు కొట్టుకుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగు లేనట్లే. మలుపు మధ్యలో అలా జరిగితే ఆ చక్రం మీద బరువు ఒక్కసారిగా ఎగిసి, పట్టు జారిపోతుంది. ఇది చట్టపరమైన సమస్యే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

విద్యార్థి పోటీల్లో వేగానికి మాత్రమే మార్కులుండవు. డిజైన్ విభాగంలో న్యాయనిర్ణేతలు కారు పక్కన నిలబడి ప్రశ్నలడుగుతారు. ఈ ఎత్తే ఎందుకు? ఈ స్ప్రింగే ఎందుకు? బ్రేకు వేస్తే ముక్కు ఎంత దిగుతుంది? ‘నెట్‌లో చూశాం’, ‘పోయినేడాది జట్టు ఇలాగే పెట్టింది’ అనే జవాబులకు విలువ ఉండదు. కాటాల మీద రాసుకున్న నాలుగు అంకెలూ, నీటి గొట్టంతో చూసిన నేల మట్టమూ, ఒక్కో మార్పు తరువాత నోట్‌బుక్‌లో వేసుకున్న లెక్కా ఉన్న జట్టు ఆ ప్రశ్నలకు నిలబడుతుంది. ఆ లెక్క చేయగలిగిన విద్యార్థి రేపు మానేసర్‌లోనో, చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో లక్షలాది మంది ఎక్కే కారుకు సస్పెన్షన్ సరిచేయవచ్చు. అప్పుడు ఆ మూడు సెంటీమీటర్ల పాఠం గతుకుల రోడ్డు మీద పిల్లల్ని బడికి తీసుకెళ్లే కుటుంబానికి పనికొస్తుంది.